దొరగారి ఇరవై ఏడు మాటలు

మూత కింద పడింది.

పడటమంటే ఒద్దికగా పడటం కాదు. ఆ స్టీలు గిన్నె మూత వంటగట్టు మీంచి నేలకు దిగి, తన రాకను నాలుగు దిక్కులకూ చాటి, తన చుట్టూ తాను ఏడెనిమిది సార్లు తిరిగి, తీరిగ్గా శాంతించింది. ఆ ఘోషకు తూకమయ్య పెడుతున్న చొక్కా గుండీ తెగి చేతిలోకి వచ్చింది. అతని భార్య గ్లాసులోని పాలు తొణికి మోచేతి దాకా కారాయి. గోడ అవతలి కుక్క సైతం తన నిరసన తెలియజేసింది.

మూతకు నాలుగడుగుల దూరాన, పరుపు మీద, దానికి వీపు పెట్టి కూర్చున్న దొరగారు మాత్రం తల తిప్పలేదు. ఇరవై రెండు నెలల ఆ ప్రభువు అప్పుడు ఒక పాత ఇత్తడి తూకపు గుండును చెక్కపెట్టె గుంటలోకి దింపే రాచకార్యంలో ఉన్నారు. గుండు దిగింది. దొరగారు సంతృప్తులై రెండోదాన్ని అందుకున్నారు.

"నేను కావాలనే పడేశాను," అంది తూకమయ్య అక్క.

నాలుగు రోజుల కిందట చుట్టపుచూపుగా వచ్చిన ఆమె, ముప్పై ఒక్క ఏళ్లు చిన్నపిల్లల బడిలో పంతులమ్మగా పనిచేసిన మనిషి. పిల్లల మందను చూడగానే ఎవరికి పన్ను నొప్పో, ఎవరు చెప్పులు మార్చుకున్నారో కనిపెట్టేది. ఆ విద్యకు పింఛను వచ్చినా విశ్రాంతి రాలేదు.

ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ మెలకువతో ఒకేచోట ఉండే సమయం రోజుకు నలభై నిమిషాలు. తెల్లవారుజామున ఇల్లాలు బస్టాండుకు వెళ్లి, ఏ బండి ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పి, ఒంటిగంటకు తిరిగివస్తుంది. ఒంటిగంట నలభైకి తూకమయ్య పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బజారుకు బయలుదేరతాడు. అతను వచ్చేసరికి తల్లీ కొడుకూ నిద్రలో ఉంటారు. అంతటి అమూల్యమైన నలభై నిమిషాల నడిబొడ్డున పంతులమ్మ మూత పడేసింది.

"మూడు రోజులుగా చూస్తున్నాను," అంది ఆమె. "వెనక నుంచి పిలిస్తే పలకడు. ఎదురుగా వెళ్లి నిలబడితే మొహమంతా నవ్వే. మొన్న చప్పట్లు కొట్టాను. నిన్న తలుపు గట్టిగా వేశాను. ఇవాళ ఇది."

"మా ఇంటికి చూడటానికొచ్చారా వదినా, పరీక్షలు పెట్టడానికొచ్చారా?"

"చూడటానికే వచ్చానమ్మా. చూశాను కాబట్టే చెబుతున్నాను."

"ఆటలో పడితే ఏ పిల్లలు వింటారు? మీ తమ్ముడు పేపరు చదువుతుంటే నేను నాలుగుసార్లు పిలవాలి. ఆయన్ని కూడా డాక్టరుకి చూపించమంటారా?"

"వాడిది వినపడకపోవడం కాదు, వినకపోవడం. పుట్టినప్పటి నుంచీ ఉంది, దానికి మందు లేదు."

మరో రోజైతే ఈ మాటకు ఇద్దరూ కలిసి నవ్వేవారు. తూకమయ్య ఆశగా ఇద్దరి మొహాలూ చూశాడు. నవ్వు ఎవరి దగ్గరా దొరకలేదు.

ఇల్లాలు మోచేయి తుడుచుకుని, ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతున్న పొడవాటి నోటుపుస్తకాన్ని తీసి వదినగారి ముందు పెట్టింది. దానికి తూకమయ్య పెట్టిన పేరు రాజపత్రం. దొరగారు ఎప్పుడు నిద్ర లేచారు, ఎంత తాగారు, దేన్ని ఉమ్మేశారు, ఎక్కడి నుంచి జారిపడ్డారు మొదలైన ప్రభుత్వ వ్యవహారాలన్నీ పొద్దుటి పూట తండ్రి, సాయంత్రం తల్లి అందులో రాస్తారు. ఒకరికొకరు చెప్పుకోవలసినది ఆ దంపతులు చదువుకుంటారు. చివరి పేజీల్లో దొరగారు పలికిన మాటల జాబితా ఉంది.

"ఇరవై ఏడు మాటలు," అంది ఇల్లాలు. "తారీఖులతో సహా. వినపడని పిల్లాడు ఇరవై ఏడు మాటలు మాట్లాడతాడా?"

పంతులమ్మ కళ్లజోడు పెట్టుకుని జాబితా అంతా చదివింది. పరీక్ష పేపరు దిద్దుతున్నప్పుడు ఆమె పెదవులు అలాగే బిగుసుకునేవి.

"నాలుగు రోజుల్లో నేను ఒక్కటి కూడా వినలేదే."

"కొత్త కదా వదినా, మొహమాటం."

"పొద్దున్నే నా ముక్కు పట్టుకుని ఊగుతాడు. వాడికి నా దగ్గర మొహమాటమా?" పుస్తకం మూసి, ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు చెప్పు. నీ చెవులతో విన్నావా?"

తూకమయ్య తెగిన గుండీని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. గుండీ విషయంలో అంత లోతైన పరిశీలన లోకంలో అంతకు ముందెన్నడూ జరిగి ఉండదు.

"అందులో ఉంది కదా అక్కా," అన్నాడు.

పంతులమ్మ ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేసిందో పైకి చెప్పలేదు. తన దగ్గర చదువుకున్న అమ్మాయి ఇప్పుడు పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరనీ, నిన్ననే ఫోను చేశాననీ, రేపు పదింటికి రమ్మందనీ మాత్రం చెప్పింది. తమను అడక్కుండా ఎలా చేశారని ఇల్లాలు నిలదీసింది. అడిగితే వద్దనేదానివని వదినగారు ఒప్పుకున్నారు. ఆపైన కొంతసేపు దొరగారు ఒక్కరే గుండు మీద గుండు మోగిస్తూ కొలువు నడిపారు.

"వెళ్దాం," అంది చివరికి ఇల్లాలు. "ఈ పుస్తకం పట్టుకునే వెళ్దాం. మీ శిష్యురాలే చదువుకుంటుంది."

గడియారం ఒంటిగంట నలభై చూపించింది. తూకమయ్య జీవితంలో గడియారం ఇంత ఉపకారం చేసిన సందర్భం లేదు. గుండీ లేని చొక్కాతోనే మెట్లు దిగిపోయాడు.

*

బజారులోని ప్రతి త్రాసుకూ ఏడాదికోసారి తూకమయ్య చేయి తగలాలి. తన సంచీలోని గుండ్లు పళ్లెంలో పెట్టి, త్రాసు చెబుతున్నది నిజమో కాదో తేల్చి, తప్పయితే విప్పి సరిచేసి, నిజమైతే సీసపు ముద్ర వేస్తాడు. ఆ ముద్ర ఉన్న త్రాసుతో ఎవరూ వాదించరు. గ్రాము తేడా వచ్చినా ముద్ర వేయడన్న కీర్తి బజారు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పాకి, కన్నవారు పెట్టిన పేరును మింగి, తూకమయ్యగా స్థిరపడింది.

అటువంటి ధర్మమూర్తి ఆ మధ్యాహ్నం ఉల్లిపాయల దుకాణంలో త్రాసు ముందు కూర్చుని కొడుకును గురించి ఆలోచించాడు.

కొడుకు విషయంలో తాను అశ్రద్ధ చేశానని అతను ఒప్పుకోలేడు. ప్రతి నెలా ఒకటో తారీఖున దొరగారిని పెద్ద త్రాసు మీద కూర్చోబెట్టి తూచేవాడు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందల పది గ్రాములు. ఏడాదికి తొమ్మిది కిలోల రెండు వందలు. ఈ నెల పదకొండు కిలోల నూట ఎనభై. ఏ నెల ఎంత పెరిగాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. బోర్లా పడిన రోజు, పాకిన రోజు, మంచానికీ కుర్చీకీ మధ్య ఉన్న అయిదడుగుల మహాసముద్రాన్ని ఎవరి చేయీ పట్టుకోకుండా దాటిన రోజు, అన్నీ అతని కళ్లెదుటే జరిగాయి.

ఉదయపు కొలువంతా అతనిదే. అయిదున్నరకు దొరగారు తండ్రి కనురెప్పను వేలితో పైకెత్తి, లోపల మనిషి ఉన్నాడో లేడో చూస్తారు. పాలు స్వీకరిస్తారు. అరటిపండు తొక్క తామే తీయాలి. పండు మధ్యకు విరిగిందా, దాన్ని మళ్లీ అతికించే దాకా ప్రజలకు శాంతి ఉండదు. స్నానమంటే నీళ్లు ఒక చెంబులోంచి మరో చెంబులోకి, అందులోంచి తండ్రి ఒళ్లోకి. తొమ్మిదింటికి కిటికీ దగ్గర వీధి తనిఖీ. చెత్తబండి మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపుతూనే ఉంటారు. పదకొండింటికి, యుద్ధం చేయకుండా లొంగని నిద్ర.

ఈ కొలువులో నవ్వులకు కొదవ లేదు. కేకలకు అంతకన్నా లేదు. ఒక్క మాటలకే కరువు.

తూకమయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసీ రాజపత్రంలో పదమూడు మాటలు రాశాడు.

అది మొదలైంది పది నెలల కిందట. దొరగారికి అయిదు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి తగ్గిన తర్వాతి వారం, రాజపత్రంలో భార్య చేతివ్రాత కనిపించింది: 'ఇవాళ కాకిని చూసి కాకి అన్నాడు.' మర్నాడు తూకమయ్య కొడుకును ఎత్తుకుని కిటికీ దగ్గర గంటసేపు నిలబడ్డాడు. కాకి దయచేసింది. దొరగారు దాన్ని చూశారు, తండ్రిని చూశారు, ముచ్చటగా నవ్వి ఊరుకున్నారు. తల్లికి చెప్పిన మాట తండ్రికి చెప్పడానికి నోరు రాలేదా అని తూకమయ్యకు లోపలెక్కడో చురుక్కుమంది. తెల్లవారకుండానే బిడ్డను తనకు వదిలి వెళ్లే మనిషికి, వాడు తన దగ్గర మొద్దులా ఉన్నాడని ఎలా రాయడం? కలం తీసి 'ఇవాళ తలుపు అన్నాడు' అని రాశాడు.

మూడు రోజులకు ఆమె 'బంతి' అని రాసింది. అతను 'నీళ్లు' అన్నాడు. ఆమె 'చెప్పు' అంటే అతను 'సబ్బు' అన్నాడు. ఇలా దొరగారి పదసంపద దినదిన ప్రవర్ధమానమైంది.

అయినా భార్య రాసిన పద్నాలుగూ నిజమే కదా అని అతను ఇన్నాళ్లూ ధైర్యం చెప్పుకున్నాడు. పద్నాలుగు మాటలు వచ్చినవాడికి మరో పదమూడు ఇవాళ కాకపోతే రేపు రాకుండా పోతాయా? తాను రాసినది అబద్ధం కాదు, కాస్త ముందుగా రాసిన నిజం. ఇంత చక్కటి వాదనను ఆ మధ్యాహ్నం ఒక గిన్నె మూత పాడుచేసింది.

"అయ్యా," అన్నాడు ఉల్లిపాయల దుకాణదారు నెమ్మదిగా. "గుండ్లు పెట్టకుండానే ముద్ర వేశారు."

తూకమయ్య చూసుకున్నాడు. సంచీ మూతి కట్టినది కట్టినట్టే ఉంది. త్రాసు మీద సీసం మాత్రం ఇంకా వెచ్చగా మెరుస్తోంది.

"ఒంట్లో బాగాలేదా?"

బాగానే ఉందన్నాడు. ముద్రను చాకుతో ఊడదీసి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజు మూడో దుకాణం తర్వాత ఇక ఏ త్రాసునూ ముట్టుకోలేదు.

*

మర్నాడు ఆసుపత్రికి పంతులమ్మ రాలేదు. తాను వస్తే తన మాటే నెగ్గాలని కోరుకున్నట్టు ఉంటుందని, గుమ్మంలో దొరగారి బూటు తాడు బిగించి లోపలికి వెళ్లిపోయింది. ఇల్లాలు బస్టాండుకు సెలవు పెట్టింది. దారి పొడుగునా రాజపత్రం ఆమె ఒళ్లో ఉంది, దొరగారు తండ్రి ఒళ్లో ఉన్నారు. దంపతులిద్దరి మధ్య ఇంకొకరు కూర్చునేంత చోటు ఉంది.

చెవుల డాక్టరు పల్చటి మనిషి. ముందు దొరగారితో ఆడింది, తర్వాతే తల్లిదండ్రులతో మాట్లాడింది. చెవుల్లోకి చిన్న లైటు వేసి చూసింది. జ్వరాలేమైనా వచ్చాయా అని అడిగింది. రాజపత్రం అందుకుని, మొదటి పేజీ నుంచి చివరి దాకా ఓపిగ్గా తిప్పింది. దానికి ఇంతటి పాఠకురాలు దొరకడం అదే మొదటిసారి.

"ఇంత వివరంగా రాసుకునే వాళ్లని నేను చూడలేదండీ," అంది. "జ్వరం తగ్గిన వారం నుంచే మాటలు మొదలయ్యాయి. ఈ ఇరవై ఏడింటిలో మీరిద్దరూ కలిసి విన్నది ఏది?"

గదిలో పంకా తిరుగుతున్న చప్పుడు వినబడింది. వినగలిగినవారికి.

"మేమిద్దరం కలిసుండేది నలభై నిమిషాలండీ," అన్నాడు తూకమయ్య.

"ఆ నలభై నిమిషాల్లోనే అడుగుతున్నాను."

ఇల్లాలు తల వంచుకుంది. రోజుకు ఎనిమిది గంటలు వేలమందికి దారి చూపే ఆ గొంతు, బల్ల దాటి అవతలికి రావడానికే అవస్థ పడింది.

"నా పద్నాలుగూ తీసేయండి."

తూకమయ్య అన్నాడు, "కాకి కూడానా?"

"ఆరోజు కాకే రాలేదండీ." ఆమె భర్త మొహం చూడలేదు. "పొద్దుటంతా మీతో ఉంటాడు. మీకేవేవో చెబుతుంటాడనుకున్నాను. నా దగ్గర మాత్రం నోరు విప్పడు. వదిలేసి పోతున్నానని నా మీద కోపమేమో అనుకున్నాను. తల్లితోనే మాట్లాడడని మీకెలా చెప్పను?"

పది నెలలుగా తూకమయ్య ఆనుకుని నిలబడిన గోడ అక్కడ లేదు, ఎప్పుడూ లేదు.

"కానీ ఆయనవి నిజం డాక్టరుగారూ," అంది ఆమె గొంతు సవరించుకుని. ఇప్పుడది మళ్లీ బస్టాండు గొంతైంది. "ఆయన సంగతి బజారులో ఎవరినైనా అడగండి. గ్రాము తేడా వచ్చినా ముద్ర వేయరు. ఆయన విన్నానని రాస్తే విన్నట్టే."

డాక్టరు తూకమయ్య చేతివ్రాతలో ఉన్న మాటలు లెక్కపెట్టింది. పదమూడు. ఆమె మొహం తేలికపడింది. ఈ వయసుకు అవి కాస్త తక్కువే అయినా, వినికిడి బొత్తిగా లేని పిల్లలకు పట్టుబడే మాటలు కావని చెప్పింది. శబ్దం పరీక్షించే గది ఇవాళ ఒక్క అరగంట ఖాళీగా ఉందనీ, బయట ఆరు నెలల పాప వాళ్లు పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నారనీ, అది వాళ్లకిచ్చి వీళ్లకు ఏడు వారాల తర్వాత తేదీ రాస్తాననీ అంది. "మీరు విన్నారంటే అంత తొందరేం లేదు," అంటూ కలం మూత తీసింది.

ఏడు వారాలు. తూకమయ్య భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది. పెళ్లయిన ఆరేళ్లలో అంత నమ్మకంగా చూసినది బహుశా ఇప్పుడే. ఆ చూపును కాపాడుకోవడానికి అతను చేయవలసిందల్లా నోరు మూసుకు కూర్చోవడం. కాచుకున్న పాప కూడా పసిదే, అది కూడా పుణ్యమే అన్న ఆలోచన పాము పిల్లలా పాకి వచ్చి, సభ్యంగా చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. ఒళ్లో దొరగారు అతని చొక్కాకు గుండీ లేని చోట వేలు దూర్చి లోపల ఏముందో వెతుకుతున్నారు.

కలం కాగితం మీద ఆనింది.

"నావి కూడా తీసేయండి," అన్నాడు తూకమయ్య.

"ఎన్నండీ?"

"అన్నీ."

ఇల్లాలు బల్ల మీది పుస్తకాన్ని తన వైపు లాక్కుని, మూసి, సంచీలో పెట్టి, జిప్పు చివరి దాకా లాగింది. తర్వాత భర్త ఒళ్లోంచి కొడుకును తీసుకుంది. తీసుకునేటప్పుడు తన చేయి అతని చేతికి తగలకుండా చూసుకుంది.

ఆ అరగంట వీళ్లకే వచ్చింది. బయట పాప తండ్రి, ఇంకా ఎంతసేపు అని నర్సును అడుగుతున్నాడు. తూకమయ్య అటు చూడకుండా నడిచాడు.

పరీక్ష గది చిన్నది. గోడలకు మందమైన మెత్తటి అట్టలు, కుడివైపొకటి ఎడమవైపొకటి నల్లటి స్పీకర్లు, నడుమ ఒక కుర్చీ. తల్లి కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఏ స్పీకరులోంచి చప్పుడు వస్తుందో ఆమెకు ముందే చెప్పరు. వినబడినా తాను మాత్రం తల తిప్పకూడదు, కళ్లతో కూడా చూపించకూడదు. పరీక్ష చేసే ఆయన ఈ షరతులన్నీ మెల్లగా రెండుసార్లు చెప్పి, బరువైన తలుపు వేసి, అద్దం ఇవతలున్న యంత్రం ముందు కూర్చున్నాడు. తూకమయ్య ఆయన భుజం వెనక నిలబడ్డాడు. లోపలి చప్పుడు ఇటు రాదు. ఏమి జరిగినా కళ్లతోనే చూడాలి.

అద్దం అవతల దొరగారు కొత్త రాజ్యాన్ని పరిశీలిస్తున్నారు. పైకప్పు చూశారు. తమ బూటు చూసుకున్నారు. తల్లి గడ్డం పట్టుకుని, ఆమె మొహంలోకి చాలాసేపు, చదువుతున్నట్టు చూశారు.

పరీక్ష చేసే ఆయన యంత్రం మీదికి వంగాడు. ఏదో మీట కదిలింది.

దొరగారు తల తిప్పారు.

ఎడమవైపుకు, స్పీకరు వైపుకు, స్పష్టంగా, నిండుగా తిప్పారు. తూకమయ్య, నిన్నటి నుంచీ మోస్తున్నదంతా ఒక్కసారిగా దిగిపోయినట్టయి, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, అద్దానికి దగ్గరగా వెళ్లి, భార్యకు కనబడేలా బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"నేనింకా మొదలుపెట్టలేదండీ," అన్నాడు పరీక్ష చేసే ఆయన తల ఎత్తకుండా. "ఆవిడ అటు చూశారు. ఆవిడ కళ్లు చూసి బాబు తిరిగాడు."

అద్దం అవతల ఇల్లాలికి ఆ మాటలు వినబడలేదు. ఆమెకు భర్త చేయి కనబడింది. కొడుకు తలను గుండెకు హత్తుకుని, నిన్న మధ్యాహ్నం తర్వాత మొట్టమొదటిసారిగా, ఆమె అతన్ని చూసి నవ్వింది.

తూకమయ్య చేయి ఇంకా గాలిలోనే ఉంది.